వేడి చేసిందనుకున్నాను

మే నెల చెన్నైలో కింద మంటగా ఉందంటే ఎవరైనా ‘వేడి చేసిందిలే, సబ్జా నీళ్ళు తాగు’ అంటారు. నేనూ అదే అనుకున్నాను. రెండు రోజులు జ్వరం, ఒళ్ళునొప్పులు, తొడల వెనక సలుపు. మూడో రోజుకి గజ్జల్లో బిళ్ళలు కట్టాయి. అద్దం పెట్టి చూసుకుంటే మర్మాంగం దగ్గర ఎర్రబడ్డ చర్మం మీద ఆవగింజంత నీటిపొక్కులు గుత్తిగా లేచి ఉన్నాయి. మర్నాటికి చితికి పుండ్లయ్యాయి.

సిగ్గుపడి ముందు మందుల షాపుకే వెళ్ళాను. దురదకని ఇచ్చే ఆ కలగలుపు క్రీముల్లో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. పైకి ఎరుపు తగ్గినట్టే ఉంటుంది, లోపల ఇలాంటి పొక్కులు తెచ్చే హెర్పిస్ వైరస్‌కి అడ్డు లేకుండా పోతుంది. డెట్టాల్ నీళ్ళతో కడిగితే మంచి చర్మం కూడా కమిలిపోతుంది. అన్నిటికంటే నష్టం, రోజులు పోవడం. పొక్కు పచ్చిగా ఉన్నప్పుడు దూదిపుల్లతో తీసిన స్రావంలోనే పీసీఆర్ పరీక్షకి వైరస్ బాగా దొరుకుతుంది. పక్కు కట్టాక ‘లేదు’ అని వచ్చినా నమ్మలేం. రక్తంలో యాంటీబాడీలు తేలడానికి వారాలు పడుతుంది.

డాక్టరమ్మ మొదట అడిగింది, “ఎన్ని ఉన్నాయమ్మా? నొప్పి ఉందా?” అని. చిన్నవి, ఎక్కువ, భరించలేని నొప్పి అంటే చాలావరకు హెర్పిస్, కలయికతో అంటుకునే వైరస్ జబ్బు. ఒక్కటే ఉండి, అంచు గట్టిగా, నొప్పి లేకుండా ఉంటే సవాయి, అంటే సిఫిలిస్. నొప్పి లేదు కదా అని ఊరుకునేది అక్కడే. కొన్ని వారాల్లో పుండు దానంతటదే మానుతుంది, జబ్బు మాత్రం ఒంట్లోనే ఉంటుంది. తొలి దశలో 24 లక్షల యూనిట్ల బెంజథీన్ పెన్సిలిన్ ఒక్క ఇంజెక్షన్‌తో నయమవుతుంది. నొప్పి లేకుండా, ఎర్రటి మాంసంలా పెరిగి, తాకితే రక్తం వచ్చేది డోనోవనోసిస్ అనే ఇంకో సుఖవ్యాధి. దాని ఆనవాళ్ళు 1905లో డోనోవన్ అనే డాక్టరు గుర్తించింది ఈ మద్రాసులోనే.

పుండు ఉందంటే ఎవరో ఏదో చేశారని కాదు. కొన్ని యాంటీబయాటిక్‌లు, నొప్పి మాత్రలు పడక, వేసుకున్న ప్రతిసారీ అదే చోట పుండు లేచేవాళ్ళున్నారు. నోటిపూత కూడా మాటిమాటికీ వస్తుంటే బెహ్‌చెట్ అనే, అంటుకోని జబ్బేమో చూడాలి. ఆడవాళ్ళని నిలదీసే ముందు ఇంట్లోవాళ్ళు ఇది తెలుసుకోవాలి.

నాది హెర్పిసే. ఎసైక్లోవిర్ 400 మిల్లీగ్రాములు, రోజుకి మూడు, పది రోజులు. సిఫిలిస్‌కి వీడీఆర్ఎల్ అనే రక్తపరీక్ష, హెచ్ఐవీ పరీక్ష కూడా చేయించి, మూడు నెలలకి మళ్ళీ రమ్మన్నారు. అప్పుడే సోకితే మొదటి పరీక్షలో తేలకపోవచ్చు.

అసలు నరకం ఒంటికి వెళ్ళడం. మంటకి భయపడి నీళ్ళు తాగడం మానేస్తే మూత్రం చిక్కబడి ఇంకా మండుతుంది. మగ్గుతో గోరువెచ్చని నీళ్ళు ధారగా పోసుకుంటూ వెళ్ళాలి, లేదా టబ్బు నీళ్ళలో కూర్చునే కానివ్వాలి. అంతకుముందు డాక్టరు రాసిచ్చిన లిగ్నొకైన్ జెల్ కొద్దిగా రాసుకుంటే ఓర్చుకోగలం. తర్వాత తుడవకూడదు, మెత్తటి నూలుగుడ్డతో అద్దాలి. పొద్దుణ్ణించి మూత్రమే రాకపోతే, మెడ పట్టేసి తలనొప్పి వస్తే ఆరోజే ఆసుపత్రికి వెళ్ళాలి.

డబ్బు ఇబ్బంది ఉన్నవాళ్ళకి పెద్ద ప్రభుత్వాసుపత్రుల్లో సుఖవ్యాధులకి సురక్ష క్లినిక్‌లున్నాయి, మందులు ఉచితం. ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కి ఫోన్ చేస్తే దగ్గరిది చెబుతారు.

ఈ వైరస్ నరాల మొదట్లో దాక్కుంటుంది, పూర్తిగా పోదు. పుండు లేనప్పుడూ అంటుకోవచ్చు. కండోమ్ ముప్పు తగ్గిస్తుంది కానీ అది కప్పని చర్మం మిగిలే ఉంటుంది. పెదవి మీద పొక్కులున్నప్పుడు నోటితో కలిసినా వస్తుంది. గర్భిణులు తప్పకుండా చెప్పాలి. 36వ వారం నుంచి మాత్రలిస్తారు, నొప్పులప్పుడు పుండ్లుంటే బిడ్డకి సోకకుండా సిజేరియన్ చేస్తారు.

తిరగబెట్టే ముందు అదే చోట చిమచిమలాడుతుంది. వాలసైక్లోవిర్ 500, రోజుకి రెండు చొప్పున మూడు రోజులకి డాక్టరమ్మ ముందే రాసిచ్చింది. ఆ ఆరు మాత్రలు నా హ్యాండ్‌బ్యాగ్‌లోనే ఉంటాయి. చిమచిమ మొదలైన పూటే వేసుకుంటే పొక్కు ఒక్కోసారి లేవనే లేవదు.