బాణం ఎటు గీయాలి టీచర్?

నాలుగో తరగతికి ఆహారపు గొలుసు చెప్పడం కంటే తేలికైన పాఠం లేదని చాలాకాలం అనుకున్నాను. గడ్డి, మిడత, కప్ప, పాము, గద్ద. బోర్డు మీద ఐదు బొమ్మలు, మధ్యలో నాలుగు బాణాలు. పిల్లలు బుద్ధిగా దించేసుకునేవాళ్లు, పరీక్షలో అందరికీ మార్కులు వచ్చేవి. ఒకసారి పీరియడ్‌లో ఇంకా పది నిమిషాలు మిగిలాయని ఊరికే అడిగాను: పాములన్నీ మాయమైపోతే గడ్డికి ఏమవుతుంది? "ఏం కాదు టీచర్, గడ్డి పాముని తినదు కదా" అన్నాడొకడు. క్లాసంతా అవునంటే అవునంది. గద్దకి మాత్రం ఆకలేస్తుందట, అంతే.

ఆ రోజు ఇంటికెళ్లి నోట్‌బుక్కులు మళ్లీ తిరగేశాను. బోర్డు చూసి దించినవన్నీ సరిగ్గానే ఉన్నాయి, సొంతంగా గీయమన్న చోట మాత్రం చాలామంది బాణాలు తిప్పేశారు. పాము కప్పని పట్టుకుంటుంది కాబట్టి బాణం పాము నుంచి కప్ప వైపు. వాళ్ల లెక్క ప్రకారం అదే న్యాయం, ఎవరు ఎవరి మీదికి దూకుతారో అటే బాణం! తిండి ఎటు పోతోందో చూపించడానికే బాణం అని నేను ఒక్కసారి కూడా నోరు తెరిచి చెప్పలేదు, అందరికీ తెలిసిందే అనుకున్నాను. ఇప్పుడు బాణం గీసిన ప్రతిసారీ "తిండి ఇటు పోతోంది" అని పైకి అనిపిస్తాను. కాస్త గోలగా ఉంటుంది కానీ పనిచేస్తుంది.

గడ్డి దగ్గర ఇంకో చిక్కు. గడ్డికి తిండెక్కడిదంటే ఠక్కున "మట్టి" అంటారు. వాన్ హెల్మాంట్ అనే ఆయన దాదాపు 400 ఏళ్ల కిందట తొట్టెలో విల్లో మొక్క నాటి, 5 ఏళ్లు నీళ్లు మాత్రం పోసి తూచాడు. చెట్టు 70 కిలోలకు పైగా పెరిగింది, మట్టి మాత్రం 60 గ్రాములు కూడా తగ్గలేదు. ఆయన అంతా నీళ్ల మహిమే అనుకున్నాడు, గాలికి కూడా వాటా ఉందని తర్వాతివాళ్లు తేల్చారు. ఈ కథ చెప్పి, నిజంగా గడ్డిలోకి రావాల్సిన బాణం ఎక్కడి నుంచో అడిగితే కాసేపు తలలు గోక్కుని ఎవరో ఒకరు కిటికీలోంచి సూర్యుడి వైపు చూపిస్తారు.

ఇక ఆ పాముల ప్రశ్న. తిండి ఒకవైపే పోతుంది, ప్రభావం మాత్రం రెండువైపులా పోతుంది, పిల్లలకు (నిజం చెప్పాలంటే పెద్దలకు కూడా) ఎక్కనిది ఇదే. మన ఐదు బొమ్మల గొలుసునే తీసుకుంటే పాములు పోతే కప్పలు పెరుగుతాయి, మిడతలు తగ్గుతాయి, గడ్డి ఏపుగా పెరుగుతుంది. దీనికి నాకు దొరికిన బెస్ట్ కథ రాబర్ట్ పెయిన్ అనే శాస్త్రవేత్తది. 1963లో అమెరికా పడమటి తీరంలో రాళ్ల మీద ఉండే స్టార్ ఫిష్‌లను ఆయన గునపంతో పెకలించి సముద్రంలోకి విసిరేయడం మొదలుపెట్టాడు, అదే ఆయన ప్రయోగం! అవి లేకపోయేసరికి వాటికి తిండైన మసెల్స్ అనే ఆల్చిప్పలు రాళ్లన్నీ ఆక్రమించుకున్నాయి, మిగతావాటికి కాలు పెట్టే చోటు లేదు. అక్కడున్న 15 రకాల జీవులు 8కి పడిపోయాయి. విసిరేశాడు అనగానే వెనక బెంచీలు కూడా లేచి కూర్చుంటాయి.

అందరూ గుండ్రంగా నిలబడి ఊలు దారం పట్టుకుని, ఒకరు లాగితే అందరికీ తెలిసే ఆట ఉంది కదా, దాన్ని మానేయలేదు కానీ ఒకప్పుడంత ఇష్టం లేదు. దాంట్లో ఎవరు వదిలేసినా వల మొత్తం కూలిపోయినట్టే పిల్లలకు అర్థమవుతుంది. నిజంగా అలా ఉండదు, కొన్ని పోతే పెద్దగా తేడా తెలియదు, స్టార్ ఫిష్ లాంటిది ఒక్కటి పోతే సగం తీరం మారిపోతుంది. అందుకే ఆట అయ్యాక స్టార్ ఫిష్ కథ చెప్తాను.

గింజల లెక్క మాత్రం ఎప్పుడూ తప్పలేదు. గడ్డి దగ్గర 1000 గింజలు పోస్తాం, మిడతకు 100, కప్పకు 10, పాముకి 1. ఒక మెట్టు నుంచి పై మెట్టుకి సుమారు పదోవంతు శక్తే చేరుతుందని చెప్పడానికి ఇది (నిజంలో కాస్త అటూ ఇటూ ఉంటుంది). గద్ద వంతు వచ్చేసరికి గింజని పది ముక్కలు చేయాలి, ఆ పనికోసం కొట్టుకుంటారు. మరి మిగతా 900 ఏమయ్యాయని వాళ్లే అడుగుతారు. ఎగరడానికి, గెంతడానికి, అసలు బతకడానికే అయిపోయేది కొంత, అసలు తినకుండా వదిలేసినది, తిన్నా అరగనిది కొంత.

గద్ద తర్వాత బాణం ఎటు? నా పాత చార్టులో అక్కడితో అయిపోయేది, గద్ద చావనే చావదన్నట్టు! ఆవరణ వ్యవస్థ (ఎకోసిస్టమ్) అనే మాటని 1935లో వాడుకలోకి తెచ్చిన టాన్స్‌లీ అనే వృక్షశాస్త్రవేత్త అయితే మట్టి, నీరు, గాలిని కూడా లెక్కలోకి తీసుకోమన్నాడు, నేనేమో విచ్ఛిన్నకారుల్ని (చచ్చినవాటిని కుళ్లబెట్టి మట్టిలో కలిపే బూజు, బ్యాక్టీరియా లాంటివి) చివర్లో ఒక్క వాక్యంలో తేల్చేసేదాన్ని. ఇప్పుడు పాఠం మొదలయ్యేదే వాటితో. రెండు గాజు సీసాలు, ఒకదాంట్లో తడి తోటమట్టి మీద ఎండుటాకులు, ఒక ప్లాస్టిక్ ముక్క. రెండోదాంట్లో మట్టీ నీళ్లూ లేకుండా అవే ఆకులు, అదే ప్లాస్టిక్. వారానికోసారి బొమ్మ గీయాలి. తడి సీసాలో తెల్లటి బూజు దారాలు కనిపించిన రోజు ఛీ అన్నవాళ్లే మర్నాడు భూతద్దం కోసం క్యూ కడతారు.

మీరూ చేయాలనుకుంటే పాఠానికి కనీసం నెలన్నర ముందే సీసాలు పెట్టండి, ఆకు తీరిగ్గా కుళ్లుతుంది, మన సిలబస్ కోసం తొందరపడదు. మూత బిగించకుండా పల్చటి గుడ్డ కట్టండి, బూజు పట్టాక పిల్లల్ని వాసన చూడనివ్వకండి. మట్టితోపాటు వానపామో రోకలిబండో వస్తే, అయ్యాక ఎక్కడి మట్టి అక్కడే వదిలేయండి. నేను మర్చిపోతే మావాళ్లు రెండు రోజులు నాతో మాట్లాడలేదు.