నింపామన్నా నమ్మరు

టెక్సాస్‌లో చిన్న విమానాలకి పెట్రోలు పట్టే పని నాది. రెండు రెక్కల్లోని ట్యాంకులూ నింపి, మూతలు బిగించి, ఫుల్ చేశానని చెప్పాక కూడా ఆ విమానం నడిపే పెద్దాయన నా కళ్ల ముందే నిచ్చెనెక్కి, మూత తీసి, కొలపుల్ల ముంచి చూశాడు. గుంటూరులో ఎవరైనా ఇలా చేస్తే "నా మాట మీద నమ్మకం లేదా?" అని అక్కడే అడిగేస్తాం. ప్రాణం చివుక్కుమంది. ఏమీ అనుకోకు బాబూ అని ఒక్క ముక్క చెప్పి ఎక్కితే ఆయన సొమ్మేం పోయింది?

కానీ పని తెలిసినవాణ్ణి, తప్పు పట్టలేను. అమెరికా ప్రమాదాల దర్యాప్తు సంస్థ ఎన్‌టీఎస్‌బీ లెక్క ప్రకారం 2011-15 మధ్య పెట్రోలు సరిగ్గా చూసుకోక జరిగిన ప్రమాదాలు ఏడాదికి సగటున 50కి పైనే. సగానికి మించి ట్యాంకులు పూర్తిగా ఎండిపోయినవే. ఒక రెక్కలో పెట్రోలు ఉండగానే ఇంజను ఆగినవీ ఉంటాయి. పైపర్ చెరొకీ అనే చిన్న విమానంలో ఎడమ ట్యాంకో కుడి ట్యాంకో మీటతో మనమే మార్చాలి, మరిచిపోతే అంతే. పోనీ నడిపింది కొత్తవాళ్లా అంటే, దాదాపు సగం మంది కమర్షియల్ లైసెన్సో అంతకు పైదో ఉన్నవాళ్లు.

గేజీ మీద భరోసా పెట్టుకోలేం. ట్యాంకులో ఫ్లోటు ఊగితే ముల్లూ ఊగుతుంది, పాతబడితే ఒకచోటే ఇరుక్కుపోతుంది. పుల్ల కూడా ఆ మోడల్‌దే అయ్యుండాలి, విమానం చదునైన నేల మీద ఉండాలి. సెస్నా విమానాన్ని వాలు మీద, మీట 'బోత్'లో, అంటే రెండు ట్యాంకులూ కలిసేలా వదిలేస్తే ఎత్తు రెక్కలోది పల్లపు రెక్కలోకి దిగిపోతుంది. మూత కింది రబ్బరు రింగు పగిలిందా, రెక్క పైన గాలి ఒత్తిడి తక్కువ కాబట్టి ఎగురుతుండగానే పెట్రోలు బయటికి లాగేస్తుంది. నేను ఎంత నిండుగా పట్టినా ఏం లాభం?

సెస్నా 172ఎస్‌లో వాడుకోగలిగేది 53 గాలన్లు. గంటకి 10 అనుకుంటే ఐదు గంటల పైచిలుకు. పైకెళ్లాక మిక్స్చర్ పల్చన చేయక, అంటే గాలిలో కలిసే పెట్రోలు తగ్గించక, గంటకి 12 తాగించారనుకోండి, నాలుగున్నర గంటలు కూడా రాదు. ఎదురుగాలి దానికి తోడు. 3 వేల అడుగుల ఎత్తున ఇంజను ఆగితే, గాలి లేని రోజున జారుకుంటూ వెళ్లేది సుమారు 8 కిలోమీటర్లు. గన్నవరం నుంచి బెంజి సర్కిల్‌కి సగం దారి కూడా కాదు.

మనవాళ్లకి చూసుకునే అలవాటు లేదంటే ఒప్పుకోను. మిర్చి యార్డులో టిక్కీలో, అదే బస్తాలో, చెయ్యి పెట్టి కాయ చూడకుండా ఎవరు కొంటారు? రైతు ఏమన్నా అనుకుంటాడా? పెద్దవాళ్ల మాట దగ్గరే మనకి మొహమాటం.

పైలట్ ట్రైనింగుకి బెజవాడ నుంచి వచ్చే పిల్లలకీ ఇదే అడ్డు. ఇన్‌స్ట్రక్టరు "ఉందిలే, పద" అంటే "ఒక్క నిమిషం సార్" అనలేరు. అనండి, ఎక్కి చూడండి. దిగాల్సిన చోటు చేరాక కూడా పగలైతే 30 నిమిషాలు, రాత్రైతే 45 నిమిషాలు ఎగరడానికి సరిపడా పెట్రోలు ఉండాలని ఇక్కడి రూల్సు చెప్పేది కనీసం మాత్రమే. గంట పెట్రోలు మిగిలుండగానే దగ్గర్లో దిగి పట్టించుకోండి, ధర ఎంతైనా సరే.