కాటన్ దొర ఊరు చూడాలని డోర్కింగ్ వెళ్తే

ఇంగ్లండ్ వెళ్లిన మన గోదావరి జిల్లాల వాళ్లు లండన్ చూస్తారు, వీలుంటే స్కాట్లాండ్ దాకా వెళ్లొస్తారు. డోర్కింగ్ మాత్రం ఎవరో కొద్దిమందే చూస్తారు. ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన సర్ ఆర్థర్ కాటన్ తన చివరి కాలం గడిపింది ఆ ఊళ్లోనే. 1899 జులై 24న పోయిందీ అక్కడే. మాది తణుకు దగ్గర పల్లె. విజ్జేశ్వరం నుంచి వచ్చే కాలవ నీళ్లు మా చేలదాకా చేరితేనే మాకు సార్వా, దాళ్వా. అందుకని మా మేనల్లుడి ఇంటికి లండన్ వెళ్లినప్పుడు మొదట అడిగిందే డోర్కింగ్ తీసుకెళ్లమని.

లండన్ నుంచి దక్షిణంగా రైల్లో గంట ప్రయాణం. సర్రే ప్రాంతంలో కొండల మధ్య ఒదిగిన చిన్న ఊరు. పక్కన మోల్ అనే ఏరు, దాని మీదికి వాలినట్టు పచ్చగా బాక్స్ హిల్ కొండ. స్టేషన్ దిగి కాస్త నడవగానే పెద్ద కూడలిలో పది అడుగుల వెండిరంగు కోడిపుంజు విగ్రహం కనిపించింది. డోర్కింగ్ కోళ్లు చాలా పాత జాతి. మామూలు కోడికి కాలికి నాలుగు వేళ్లుంటే వీటికి ఐదుంటాయి. కోడిపుంజుల సంగతి మా వైపు వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు, నేను ఆగి మరీ వేళ్లు లెక్కపెట్టాను. ఏ వేడుక వచ్చినా ఊళ్లోవాళ్లు దానికి టోపీలూ మఫ్లర్లూ తొడుగుతారట.

అక్కడికి దగ్గర్లోనే డోర్కింగ్ హాల్స్ భవనం, దాని ముందు సంగీతకారుడు రాల్ఫ్ వాన్ విలియమ్స్ విగ్రహం. ఆయన పుట్టింది వేరే చోట. తండ్రి చిన్నప్పుడే పోతే తల్లి ఈ దగ్గర్లో లీత్ హిల్ ప్లేస్ అనే తన పుట్టింటికి తీసుకొచ్చేసింది. చుట్టుపక్కల పల్లెల్లో పాడుకునే గుంపులన్నీ కలిసి జరుపుకునే సంగీతోత్సవాన్ని 1905 నుంచి 1953 దాకా ఆయనే నడిపించాడు. ప్రపంచమంతా పేరున్న మనిషి పల్లెటూరి గాయకుల చేత పాడించడానికి అన్నేళ్లు కేటాయించాడంటే ఆ విగ్రహం అక్కడ ఉండాల్సిందే.

హై స్ట్రీట్ దాటి వెస్ట్ స్ట్రీట్‌లోకి వెళ్లాం. సన్నటి వీధి. రెండు వైపులా పాత వస్తువుల దుకాణాలు. ఆ వరసలోనే విలియం ముల్లిన్స్ ఇల్లు ఉంది. చెప్పుల వ్యాపారి. 1620లో మేఫ్లవర్ ఓడ ఎక్కి అమెరికా వెళ్లినవాళ్లలో ఒకడు. ఆ ఓడలో వెళ్లినవాళ్లు ఇంగ్లండ్‌లో కాపురమున్న ఇళ్లలో ఇప్పటికీ నిలిచి ఉన్నది ఇదొక్కటే అంటారు. ఆయన తనతో అమ్మకానికి ఇరవై ఒక్క డజన్ల జోళ్లు, పదమూడు జతల బూట్లు పట్టుకెళ్లాడు. ఆ లెక్క ఆయన వీలునామాలో ఉంది. దిగిన మొదటి చలికాలంలోనే, 1621 ఫిబ్రవరిలో, చనిపోయాడు. భార్య, కొడుకు కూడా పోయారు. మిగిలింది కూతురు ప్రిసిల్లా ఒక్కతే. ఆమె అదే ఓడలో వచ్చిన జాన్ ఆల్డెన్‌ని పెళ్లి చేసుకుంది. వాళ్ల సంతతి ఇప్పుడు అమెరికా నిండా ఉంది.

ఆ ఇంటి ముందు చాలాసేపు నిలబడ్డాను. కింద దుకాణాలు నడుస్తున్నాయి, మనుషులు వస్తూ పోతూ ఉన్నారు. పరాయి దేశానికి పిల్లల్ని తీసుకుని వెళ్లేవాడు అక్కడ పనికొచ్చేది ఏముందా అని ఆలోచించి రెండున్నర వందల జోళ్లు మూటగట్టుకోవడం నన్ను కదిలించింది. మా మేనల్లుడు వీసా వచ్చిన నాడు మా అక్క కట్టించిన సామాను నాకు బాగా గుర్తు.

పేరున్న ఇంగ్లీషు నటుడు లారెన్స్ ఒలీవియర్ పుట్టిన వాథెన్ రోడ్డు కూడా చూశాం. 1907 మే 22న అక్కడి చిన్న ఇంట్లో పుట్టాడు. తండ్రి చర్చిలో గురువు. ఊహ తెలిసేలోగానే కుటుంబం ఊరు వదిలేసింది కాబట్టి ఇంటి ముందు ఆగి ఫలకం చదవడం తప్ప చూడ్డానికి పెద్దగా ఏమీ లేదు.

మధ్యాహ్నం వెస్ట్‌కాట్ వెళ్లాం. డోర్కింగ్‌ని ఆనుకున్నట్టే పడమర వైపు ఉన్న పల్లె. థామస్ రాబర్ట్ మాల్థస్ 1766 ఫిబ్రవరి 13న అక్కడ రూకరీ అనే ఇంట్లో పుట్టాడు. ఆ ఇల్లు ఇప్పుడు లేదు. చెట్లూ పల్లపు నేలా ఉన్నాయి, అంతే. అయినా అక్కడికి వెళ్లాలని పట్టుబట్టింది నేనే. జనాభా ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిదిగా పెరుగుతుంది, తిండి మాత్రం ఒకటి, రెండు, మూడు, నాలుగుగానే పెరుగుతుంది, ఈ తేడాని కరువులూ రోగాలూ యుద్ధాలూ సరిచేస్తాయి అని 1798లో రాసిన మనిషి ఈయన. ఆ రాత ఒక ఇంట్లోని అల్మరాలో ఉండిపోలేదు. 1805 నుంచి 1834లో చనిపోయేదాకా, ఈస్టిండియా కంపెనీ తన ఉద్యోగుల్ని తయారుచేసే కాలేజీలో ఆయన అర్థశాస్త్రం, చరిత్ర చెప్పాడు. అక్కడ చదువుకున్న కుర్రాళ్లే మన జిల్లాలకు కలెక్టర్లుగా వచ్చారు.

"అంటే మావయ్యా, కరువులో జనం చచ్చిపోవడం ప్రకృతి ధర్మమని చదువుకుని వచ్చారంటావా?" అన్నాడు మా మేనల్లుడు.

అందరూ అలా అనుకున్నారని నేననను. మాల్థస్ కూడా తన దేశంలో పేదరికాన్ని చూసి బాధపడి ఆలోచించిన మనిషేనని నా నమ్మకం. కానీ ఆయన పోవడానికి ఏడాది ముందే గుంటూరు సీమలో నందన కరువు వచ్చింది. 1832-33. ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయ్యాయి. గోదావరి డెల్టా కూడా అప్పట్లో చితికిపోయే ఉంది. వానలొస్తే వరద, లేకపోతే ఎండు. పక్కనే నిండుగా పారే నది సముద్రంలో కలిసిపోతుండేది. తిండి పెరగదన్న లెక్కలో ఆ నదిని ఎవరూ వేసుకోలేదు.

ఆ లెక్క మార్చినవాడు కాటన్. 1803 మే 15న పుట్టి, పదహారేళ్లకే మద్రాసు ఇంజనీర్ల దళంలో చేరాడు. ఇసుక మీద పునాది వేసి నదికి అడ్డంగా రాయి నిలబెట్టవచ్చని ఆయన నేర్చుకున్నది మన పెద్దల దగ్గరే, కావేరి మీద చోళులు కట్టిన కల్లణై చూసి. ఆ సంగతి ఆయనే ఒప్పుకున్నాడు. 1847లో మొదలుపెట్టి 1852కల్లా ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం పాయలన్నిటికీ అడ్డంగా ఆనకట్ట లేపాడు. పక్కన వీణం వీరన్న లాంటి మనవాళ్లూ, పేర్లు ఎక్కడా రాయని వేలమంది కూలీలూ ఉన్నారు. కంపెనీ ఒప్పుకున్నది శిస్తు పెరుగుతుందన్న ఆశతో. అది కూడా మర్చిపోకూడదు. కానీ 1876-78 ధాత కరువులో మద్రాసు రాష్ట్రమంతా అల్లాడుతుంటే గోదావరి, కృష్ణా డెల్టాలు తాము తిని బయటికి ధాన్యం పంపాయి. ఒక్క డెల్టా చాలు ఆ లెక్కకి సమాధానం చెప్పడానికి.

తిరిగి ఊళ్లోకొచ్చి రీగేట్ రోడ్డులో ఉన్న శ్మశానానికి వెళ్లాం. కొద్దిగా వాలుగా ఉన్న నేల, గోతిక్ పద్ధతిలో కట్టిన జంట ప్రార్థనా మందిరాలు, పెద్ద పెద్ద చెట్లు. నవలాకారుడు జార్జ్ మెరిడిత్ అస్థికలు కూడా ఇక్కడే ఉన్నాయి. కాటన్ సమాధికి ఆర్భాటం లేదు. మా ఊళ్లో ఆయన బొమ్మకు పాలాభిషేకం చేస్తారు. గోదావరి స్నాన సంకల్పంలో ఆయన పేరు చెప్పుకునే పండితులున్నారు. ఇక్కడ అటువైపు నడిచే వాళ్లకి ఆయన ఒక పాత సైనికాధికారి, అంతే. దారిలో కొన్న పూలు పెట్టి చెప్పులు విప్పి దండం పెట్టుకున్నాను. నేను పుట్టకముందే పోయిన మా ముత్తాత పేరు తలుచుకున్నాను. ఆనకట్ట వచ్చాకే మా ఇంట్లో వరి పండిందని ఆయన చెప్పేవాడని మా నాన్న అంటుండేవాడు.

రిటైరయ్యాక కూడా కాటన్ ఊరుకోలేదు. నదుల్ని కలిపి కాలవలు తవ్వాలి, రైళ్ల కంటే పడవలు చవక అని పార్లమెంటు సంఘం ముందు 1878లో వాదించాడు. చాలామంది కొట్టిపారేశారు. డోర్కింగ్ ఇంటి తోటలో లోతుగా తవ్విన మళ్లలో గోధుమ వేసి, ఎంత నేలకి ఎంత పండుతుందో చూస్తూ ఉండేవాడు. ఎనభై దాటిన మనిషి! లేడీ హోప్‌గా పేరుపడ్డ ఆయన కూతురు ఎలిజబెత్ ఇదే ఊళ్లో కూలినాలి చేసుకునేవాళ్లు సారాకి పోకుండా కాఫీ గది తెరిచింది. తండ్రి జీవితచరిత్ర రాసి 1900లో అచ్చు వేయించింది కూడా ఆమే.

మాల్థస్ పుట్టిన పల్లెకీ కాటన్ తోటకీ మధ్య దూరం నాలుగైదు కిలోమీటర్లు ఉంటుందేమో. రెండూ ఒకే పూట చూడాలని నేను గట్టిగా చెబుతాను, ముందు వెస్ట్‌కాట్, తర్వాత శ్మశానం. లండన్ నుంచి వాటర్లూ స్టేషన్‌లో గానీ విక్టోరియాలో గానీ రైలెక్కొచ్చు. ఊరంతా నడిచే చూడొచ్చు, వెస్ట్‌కాట్‌కి బస్సు ఉంది. మ్యూజియం వెస్ట్ స్ట్రీట్‌లోనే ఉంది, తెరిచే రోజులు ముందే కనుక్కోండి. మే నెలలో వెళ్లేవాళ్లు 15వ తేదీకి అక్కడ ఉండేలా చూసుకుంటే ధవళేశ్వరంలో దండలు పడే రోజునే డోర్కింగ్‌లోనూ ఆయనకు రెండు పువ్వులు పడతాయి.