రాత్రి ఎన్ని తలగడలు?

నాన్నకి గుండెపోటు వచ్చి స్టెంట్ (గుండె రక్తనాళం మూసుకుపోకుండా పెట్టే చిన్న జాలీ గొట్టం) వేశాక, డాక్టరు గారు నెలకోసారి వీడియోలో చూస్తారు, నర్సు వారానికోసారి మామూలు ఫోనే చేస్తుంది. ఊరు ముమ్మిడివరం దగ్గర. ఆసుపత్రి కాకినాడలో, యానాం వంతెన దాటి పోవాలి. నేనేమో బెంగళూరులో.

వీడియో రోజు నాన్న ఇస్త్రీ చొక్కా తొడుక్కుని పెళ్లిచూపులకి కూర్చున్నట్టు కూర్చుంటారు. "ఎలా ఉందండీ?" అంటే, "మీ దయ వల్ల బ్రహ్మాండంగా ఉందండి!" ఇంక డాక్టరు గారికి తెలిసేదేముంటుంది?

నర్సు అలా అడగదు. "బాబాయ్ గారూ, రాత్రి ఎన్ని తలగడలు వేసుకుంటున్నారు? సాయంత్రానికి చెప్పులు బిగుతవుతున్నాయా? పొద్దున్న కాఫీకి ముందు బరువు చూసుకున్నారా?" గుండె సరిగా పంపు చేయలేకపోతే ఒంట్లో నీరు చేరుతుంది. కాళ్లు వాస్తాయి, వెల్లకిలా పడుకుంటే ఆయాసం వస్తుంది, తలగడలు పెరుగుతాయి. రెండు మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే అది కండ కాదు, నీరే.

ఓ వారం నాన్న "ఒకటే తలగడ" అన్నారు. పక్కనుంచి అమ్మ, "మూడమ్మా, మూడు! ఆవకాయ కూడా మానలేదు" అంది. బరువూ పెరిగింది. మర్నాడే రమ్మన్నారు. ఎకో (గుండె స్కానింగ్) తీసి, నీరు తీసే మాత్ర మొదలుపెట్టారు. అప్పట్నుంచి నర్సు ఫోన్ నేరుగా అమ్మకే చేస్తోంది. నా లెక్కలో అసలు వైద్యం అక్కడే మొదలైంది.

ఈ మధ్య పన్ను పీకించుకోవాల్సి వస్తే, ఊళ్లో ఒకాయన రక్తం పల్చబడే మాత్రలు ఐదు రోజులు ఆపమన్నాడట. అమ్మ నర్సుని అడిగింది, ఆవిడ డాక్టరు గారిని అడిగింది. ఆపొద్దన్నారు. స్టెంట్ వేశాక ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ రెండూ మామూలుగా ఏడాది పాటు వేసుకోవాలి. మధ్యలో మానేస్తే స్టెంట్‌లోనే రక్తం గడ్డకట్టొచ్చు. పన్ను, మాత్రలు వేసుకుంటూనే పీకారు.

అమెరికాలో ఉన్న తమ్ముడు ఈసీజీ తీసే వాచీ పంపుతానంటున్నాడు. పంపనీ. గుండె లయ తప్పితే చూపిస్తుందేమో గానీ, గుండెపోటుని అది పట్టలేదు. ఛాతీ నొప్పొస్తే వాచీ చూసుకోవడం, వీడియో కోసం ఆగడం, నాకు ఫోన్ చేయడం, ఏదీ వద్దని అమ్మకి గట్టిగా చెప్పాను. ముందు 108కి చెయ్యి, నా సంగతి తర్వాత.