పాదం కొలవని తప్పు

నిన్న మధ్యాహ్నం ఎలుకలను గుర్తుపట్టడం మీద నేను చేసిన ప్రాజెక్టుకు వైవా ముగిసింది. రెండోసారి. సంతకం పడిన కాగితం ఇంకా చేతిలో ఉండగానే ఇది రాస్తున్నాను.

బోనులు, ఎర, అనుమతులు అన్నీ సులువుగానే కుదిరాయి. చంద్రగిరి దగ్గర వరి గట్ల మీద, ఆ పక్క ఇళ్లలో సాయంత్రం బోను పెట్టి తెల్లవారగానే తీసేదాన్ని. వేయించిన వేరుశనగ గింజలు, ఎండుచేప ముక్క ఉంటే చాలు.

కష్టమంతా పేరు పెట్టడంలోనే. మొదటి వైవాలో బయటి నుంచి వచ్చిన పరీక్షకులు, నేను 'చిట్టెలుక' (ఇంగ్లీషులో మౌస్; ఎలుక పిల్ల కాదు, వేరే జాతి) అని చీటీ కట్టిన నాలుగు నమూనాలను ట్రేలో వరసగా పేర్చి, "వెనక పాదం కొలిచావా?" అని అడిగారు. బరువు తూచాను, తోక, చెవి కొలిచాను. పాదం కొలవలేదు. స్కేలు నా చేతికిచ్చి జూనియర్ల ముందే కొలవమన్నారు. మడమ నుంచి వేలి కొస దాకా 25 మిల్లీమీటర్లు! ఎదిగిన చిట్టెలుకకైనా సాధారణంగా 20 దాటదు. ఆ నాలుగూ ఇంటి ఎలుక పిల్లలు. "రెండేళ్లు ఏం చదివావమ్మా?" అన్నారు. ఆ చీటీలన్నీ చూసి సంతకం పెట్టిన మా గైడు గారు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. పరీక్షకుల మాట మరిచిపోగలను గానీ ఆ చూపును మరిచిపోలేను. చదవకుండా సంతకం పెట్టేవాళ్లను నమ్మకండి.

నాకు దారి చూపినది గట్లు తవ్వి ఎలుకలు పట్టే ఒక యానాది తాత. బోనులోకి ఒక్కసారి తొంగి చూసి, "ఒళ్లు చిన్నదే గానీ కాళ్లు చూడమ్మా, అప్పుడే తల్లివి వచ్చేశాయి" అన్నాడు. నిజమే. ఎలుక పిల్లకు తల, పాదాలు ఒంటికి మించి కనిపిస్తాయి. చిట్టెలుకకు అవి ఒంటికి తగినట్టే ఉంటాయి. ఇంకా అనుమానముంటే నోరు తెరిచి పై ముందుపళ్లను పక్క నుంచి చూడండి. ఇంటి చిట్టెలుక పంటి లోపలి వైపు చిన్న గంటు ఉంటుంది, ఎలుక పిల్లకు ఉండదు.

పొలం చిట్టెలుక వేరు. దాని పొట్ట తెల్లగా ఉండి, వీపు రంగుతో కలిసేచోట గీత గీసినట్టు విడిపోతుంది. ఇళ్లలో తిరిగే చిట్టెలుక పొట్ట మసక బూడిద రంగు, తోక ఒంటికంటే పొడవు. సీసాల్లోని పాత నమూనాలతో మాత్రం రంగు పోల్చవద్దు. ద్రావణంలో రంగు వెలిసిపోతుంది. మా ల్యాబులో ఆ సీసాలే చూపించి నేర్పారు.

పందికొక్కు అన్న మన మాటే ఇంగ్లీషులో బాండికూట్ అయింది. ఎలుక, చిట్టెలుక, పందికొక్కు అని వేరువేరుగా పిలిచేంత చూపున్న భాషలో పుట్టి, కనిపించిన ప్రతిదాన్నీ 'ఎలుక' అని వదిలేయడం నాకు నచ్చదు.

నిన్న పరీక్షకులు తామే ఒక నమూనా తీసి నా ముందు పెట్టారు. పట్టకారుతో పెదవి తొలగించి గంటు చూపించాను. వంగి చూసి, తలూపి, సంతకం చేశారు.

ఆదివారం చంద్రగిరి వెళ్తున్నాను. కృతజ్ఞతల పేజీలో తాత పేరు మొదట వేశాను. ఆ పేజీ ఆయనకు చదివి వినిపించాలి.