పన్నెండు గంటల రైలు

మేము బడిలో చదువుకున్న డెబ్బయ్యవ దశకంలో కౌబాయ్ సినిమా అంటే మా తరగతికి తెలిసినవి రెండే. ఒకటి 1971లో ఆరుద్ర రచనతో, కె.ఎస్.ఆర్. దాస్ దర్శకత్వంలో వచ్చిన కృష్ణ గారి ‘మోసగాళ్ళకు మోసగాడు’. రెండవది ఆదివారం ఉదయం ఆటగా పట్టణంలోని హాలుకు మళ్ళీ మళ్ళీ వచ్చే ‘మెకన్నాస్ గోల్డ్’. రాజస్థాన్ ఎడారిలో గుర్రం మీద దూసుకుపోయే కృష్ణను చూసివచ్చిన మర్నాడు వరండాలో ఎవరి నడుము చూసినా చెక్క స్కేలే పిస్తోలుగా వేలాడేది. ఇంగ్లీషు సినిమాలో మాటలు మాకు అర్థమయ్యేవి కావు గానీ, సూర్యోదయ వేళ రాతి స్తంభం నీడ పాకుతూ వెళ్ళి కొండగోడలోని దారిని చూపించే ఘట్టం రాగానే నేల తరగతి నుంచి బాల్కనీ దాకా ఈలలే ఈలలు.

ఉద్యోగ విరమణ తరువాత వ్యాపకం ఏమిటో రాయమని మన పూర్వవిద్యార్థుల సంచిక సంపాదకులు అడిగారు. పాత వెస్టర్న్ సినిమాలు, అంటే ఆ హాలీవుడ్ తరహా కౌబాయ్ సినిమాలు చూడడం, దొరికినవారికల్లా వాటిని చూడమని చెప్పడం, ఇవే నా వ్యాపకాలు. ‘ఈ వయసులో ఇంకా ఆ ఢిష్యుం ఢిష్యుం ఏమిట్రా’ అని నవ్వే సహాధ్యాయులకు నేను చెప్పేది ఒక్కటే. మంచి వెస్టర్న్‌లో తుపాకులు పేలే సమయం బహు స్వల్పం. పేలేముందు మనుషులు ఎదురుచూసే సమయమే అసలు సినిమా.

అందుకు 1952లో ఫ్రెడ్ జిన్నెమాన్ తీసిన ‘హై నూన్’ను మించిన ఉదాహరణ లేదు. అప్పుడే పెళ్ళి చేసుకుని, ఉద్యోగం వదిలి ఊరు విడిచి వెళ్ళబోతున్న మార్షల్‌కు (ఊరి శాంతిభద్రతలు చూసే అధికారికి), తాను జైలుకు పంపిన హంతకుడు విడుదలై మధ్యాహ్నం పన్నెండు గంటల రైలుకు దిగుతున్నాడని కబురు అందుతుంది. తోడు రమ్మని అతడు ఇల్లిల్లూ తిరుగుతాడు. ఒక స్నేహితుడు ఇంట్లోనే ఉండి లేనని భార్య చేత చెప్పిస్తాడు. చర్చిలో పెద్దలు అతడిని పొగుడుతూనే, ఊరి పేరు చెడకుండా ఉండాలంటే అతడు వెళ్ళిపోవడమే మేలని తేలుస్తారు. ఊరి పంచాయతీలు చూసిన మనకు ఆ సభ కొత్తగా అనిపించదు. సినిమా నిడివి 85 నిమిషాలు. కథ నడిచే కాలమూ దాదాపు అంతే. గోడ గడియారాలు పదేపదే కనిపిస్తూ ఉంటాయి. పన్నెండుకు కాస్త ముందు మార్షల్ ఒంటరిగా కూర్చుని వీలునామా రాస్తుండగా లోలకం ఊగుతుంది. ఆ లయకే చర్చిలోని ముఖాలు, సారాయి దుకాణంలోని ముఖాలు, ఖాళీ కుర్చీ ఒకటొకటిగా వచ్చి పోతాయి. చివరకు రైలు కూత వినిపిస్తుంది. ఆ నిమిషంలో ఒక్క తూటా కూడా పేలదు. ఆ పాత్రకు గ్యారీ కూపర్ ఆస్కార్ అందుకున్నాడు, ఆ అలసిన ముఖం చూస్తే ఎందుకో తెలుస్తుంది.

ఆ సినిమాకు స్క్రీన్‌ప్లే రాసిన కార్ల్ ఫోర్‌మన్ బతుకూ ఆ మార్షల్ బతుకులాంటిదే. సినిమా తయారవుతుండగానే, కమ్యూనిస్టుల జాడ తీస్తున్న అమెరికా కాంగ్రెస్ కమిటీ అతడిని విచారణకు పిలిచింది. సహచరుల పేర్లు చెప్పనన్నందుకు హాలీవుడ్ తలుపులు మూసుకున్నాయి; అతడు ఇంగ్లండుకు వెళ్ళి అక్కడే స్థిరపడ్డాడు. ఊరివారిని అంత పిరికివారిగా చూపడం నటుడు జాన్ వేన్‌కు, దర్శకుడు హోవర్డ్ హాక్స్‌కు నచ్చలేదు. 1959లో వారు తీసిన ‘రియో బ్రావో’ దానికి జవాబే. సినిమాగా అది మహా సరదాగా ఉంటుంది, కానీ వాదంలో నా ఓటు ఫోర్‌మన్‌కే. మిత్రులకు చెప్పదగిన విశేషం మరొకటి ఉంది. మనం ఈలలు వేసిన ‘మెకన్నాస్ గోల్డ్’ను రాసినదీ ఈ ఫోర్‌మనే, ‘హై నూన్’కు సంగీతం కూర్చిన డిమిట్రీ త్యోంకిన్ దాని నిర్మాణంలో అతడికి భాగస్వామి.

‘హై నూన్’లో రైలు కోసం స్టేషనులో కాచుకుని ఉండే ముగ్గురు దుండగుల్లో ఒకడికి ఒక్క మాటైనా లేదు. గద్దముక్కు, సన్నని కళ్ళు గల ఆ నటుడు లీ వాన్ క్లీఫ్. అదే అతడి మొదటి సినిమా. పద్నాలుగేళ్ళ తరువాత ఇటలీ దర్శకుడు సెర్జియో లియోనె తీసిన ‘ద గుడ్, ద బ్యాడ్ అండ్ ద అగ్లీ’లో ‘బ్యాడ్’ ఇతడే. లియోనె ఆ స్టేషనునూ వదలలేదు. 1968 నాటి ‘వన్స్ అపాన్ ఎ టైమ్ ఇన్ ద వెస్ట్’ మొదట్లో ముగ్గురు మనుషులు రైలు కోసం ఎదురుచూడడం తప్ప చాలా సేపు మరేమీ జరగదు. వెనుక సంగీతం కూడా ఉండదు. గాలిమర కిర్రుమంటుంది, ఒకడి టోపీ మీద పైనుంచి నీటి చుక్కలు పడుతుంటాయి, ఇంకొకడి గడ్డం మీద ఈగ వాలుతుంది. వాడు దాన్ని చేత్తో తోలడు, పెదవి వంచి ఊదుతాడు, చివరకు పిస్తోలు గొట్టంలో బంధించి దాని రొద వింటూ మురిసిపోతాడు. సినిమా ఎప్పుడు మొదలవుతుందని మా అబ్బాయి అడిగినది సరిగ్గా ఇక్కడే. మొదలై చాలాసేపయింది నాయనా అన్నాను.

దర్శకుడు జాన్ ఫోర్డ్‌ను తలచుకోకుండా ఈ విషయం పూర్తి కాదు, అయితే అతడి సినిమాలను మెచ్చుకోవడం అంత తేలిక కాదు. 1939 నాటి ‘స్టేజ్‌కోచ్’లో అమెరికాలోని మాన్యుమెంట్ వ్యాలీ అనే లోయలో ఎర్రరాతి స్తంభాలు చూసి మైమరచిపోతాము, అదే సినిమాలో ఆదివాసులైన అపాచీలు గుర్రాల మీద నుంచి రాలిపడడానికే ఉన్నట్టు ఉంటారు. 1956 నాటి ‘ద సెర్చర్స్’లో కొమాంచీలనే మరో ఆదివాసీ తెగగా కనిపించేవారు చాలామంది ఆ లోయలోని నావహో తెగవారే; వారి నాయకుడి పాత్ర మాత్రం జర్మనీలో పుట్టిన తెల్ల నటుడికి దక్కింది. అయినా ఆ సినిమాను చూడమనే చెబుతాను. కొమాంచీలు ఎత్తుకుపోయిన సోదరుడి కూతురి కోసం ఏళ్ళ తరబడి వెతికే కథానాయకుడు, ఆమె వారిలో ఒకతె అయిపోయిందని తెలిశాక కాపాడడానికి వెతుకుతున్నాడో చంపడానికి వెతుకుతున్నాడో తెలియని స్థితికి చేరతాడు. అంతటి ద్వేషం నిండిన మనిషిగా నటించడానికి జాన్ వేన్ వెనుకాడలేదు. పిల్లలతో కలిసి చూసేవారు ‘షేన్’తో మొదలుపెట్టవచ్చు, అది పిల్లవాడి కళ్ళతో నడిచే కథ.

వీటిని ఫోనులో చూడవద్దని మనవి. ఆ మైదానాలు అరచేతిలో ఇమడవు, ఆ ఈగ రొద బస్సులో వినిపించదు. ఒక ప్రతిపాదన కూడా కమిటీ వారి ముందు ఉంచుతున్నాను. సంచిక ఆవిష్కరణ సభ ఎలాగూ మధ్యాహ్నం భోజనాల తరువాతే కదా. ఆ రోజు ఉదయం పదిన్నరకు పాత లైబ్రరీ గదిలో ‘హై నూన్’ వేస్తే, వడ్డన మొదలయ్యేలోపే అయిపోతుంది. తెర, ప్రొజెక్టరు నేను తెస్తాను. సబ్‌టైటిళ్ళు చదవలేనివారి పక్కన కూర్చుని కథ చెప్పే పూచీ కూడా నాదే. కమిటీ వారు ఆ గది తాళం ఇప్పించి, కిటికీలకు దుప్పట్లు కట్టించగలిగితే చాలు.