అది నా సీటు కాదన్నారు

"ఇది మీ సీటు కాదు కదా" అంది ఆ అమ్మాయి, నవ్వుతూనే. నిజమే. మా ఆఫీసులో ఇప్పుడు ఏ సీటూ ఎవరిదీ కాదు. కానీ మూడు వారాలుగా ఏడున్నరకే వచ్చి, కిటికీ పక్క డెస్కు మీద కోటు పెట్టి, దాన్ని నాది చేసేసుకున్నానని అప్పటిదాకా నాకే తెలియలేదు. లాప్‌టాప్ మూసి లేచాను. ఆమె అన్నదాంట్లో తప్పు లేదు. అయినా ఆ మాట రోజంతా గుచ్చుకుంటూనే ఉంది.

నెదర్లాండ్స్ వచ్చి ఎనిమిదేళ్లయింది. చేసే పనిని బట్టి చోటు మార్చుకునే ఈ పద్ధతి ఇక్కడ కొత్తది కాదు. టిల్‌బర్గ్‌లోని ఇంటర్‌పోలిస్ అనే బీమా కంపెనీ, ఎరిక్ వెల్డ్‌హూన్ అనే సలహాదారు ఆలోచనతో, 1990లలోనే సొంత డెస్కులు తీసేసింది. ఫోన్లకొక చోటు, తలవంచుకుని రాసుకోడానికొక చోటు, నలుగురూ కూర్చుని మాట్లాడుకోడానికి ఇంకొకటి. ఆ ఆలోచనను ఇప్పటికీ తప్పుపట్టను. మాకు మాత్రం 120 మందికి 84 డెస్కులు, తలా ఒక లాకరు, సీటు బుక్ చేసుకునే యాప్ వచ్చాయి. తలుపు మూసుకోగల చిన్న గదులు నాలుగే.

డెస్కులు తీసేసిన రోజు ఒక్కొక్కరికీ ఒక అట్టపెట్టె ఇచ్చారు. నా పెట్టెలో చివరగా వేసింది పేరు పట్టీ. జానెడు కూడా లేని అల్యూమినియం ముక్క. ఈ దేశంలో నా పేరును ఎక్కడ రాసినా ఏదో ఒక అక్షరం ఎగిరిపోయేది, లేదా ఇంటిపేరు వెనక్కీ ముందుకీ మారిపోయేది. ఒక్క పొల్లు పోకుండా ఉన్నది ఆ పట్టీ మీదే. ఊడదీస్తుంటే వెనకాల టేపుకి డెస్కు రంగు కాస్త అంటుకుని వచ్చింది.

ఇక్కడే పుట్టి పెరిగినవాళ్లకు డెస్కు ఒట్టి డెస్కే కావచ్చు. మనకు ఇల్లు అద్దెది, ఉండటానికిచ్చిన అనుమతికి గడువుంటుంది, నోట్లో భాష అరువుది. ఎవర్నీ అడక్కుండా వెళ్లి కూర్చోగలిగిన చోటు నాకు అదొక్కటే. దాన్ని పట్టుకుని వేలాడితే పాతకాలపు మనిషినంటే ఎలా?

పైగా అది నాకు బడి కూడా. సందేహం వస్తే పక్కకు తిరిగి సగం వాక్యం అంటే చాలు, మిగతా సగం పక్కవాళ్లే అందించేవారు. ఇప్పుడు మా టీం మూడు అంతస్తుల్లో చెదిరిపోయింది. అడగాలంటే మెసేజ్ రాయాలి, రాసేముందు వ్యాకరణం చూసుకోవాలి. ఇదంతా నా బిడియమే అనుకున్నాను. తర్వాత ఈథన్ బెర్న్‌స్టీన్, స్టీఫెన్ టర్బన్ 2018లో ప్రచురించిన పరిశోధన చదివాను. రెండు పెద్ద కంపెనీల్లో అడ్డుగోడలు తీసేశాక మనుషులు ఎదురెదురుగా మాట్లాడుకోవడం 70 శాతం దాకా పడిపోయిందట, ఈమెయిళ్లు పెరిగాయట. అక్కడ తీసింది గోడల్ని, ఇక్కడ సీట్లని. అయినా చదువుతుంటే నా గురించే రాసినట్టనిపించింది.

మన దగ్గర మేనేజర్ గది తలుపంటే భయానికి గుర్తనుకునేవాణ్ణి. లోపల తిన్న చీవాట్లు ఆ తలుపు దాటి బయటికొచ్చేవి కావన్న సంగతి ఇక్కడికొచ్చాకే తట్టింది. ఇక్కడ మా మేనేజరుకూ గది పోయింది. ఓ రోజు ఆవిడ వచ్చి నా పక్కన కూర్చుంటే అరగంట సేపు ఒక్క లైనూ రాయలేకపోయాను. ఆవిడ గమనించినట్టుంది. మెట్ల దగ్గర ఆపి అంది: "పక్కన కూర్చుంటే అందరూ మాటలు ఆపేస్తారు. దూరంగా కూర్చుంటే దొరకడం లేదంటారు. నిన్న ఒకతనికి కాంట్రాక్టు పొడిగించడం లేదని చెప్పాల్సి వచ్చింది. నాలుగు గదుల్లోనూ మనుషులున్నారు. వానలో బిల్డింగు చుట్టూ నడుస్తూ చెప్పాను."

ఆ తడిసిన మనిషి ఎవరో నేను అడగలేదు.

మర్నాడు లాకరు తెరిచి చార్జరు తీస్తుంటే పట్టీ జారి కింద పడింది. సీటు నుంచి లేపిన ఆ అమ్మాయే తీసి, చదవబోయి, ఆగి, ఎలా పలకాలని అడిగింది. చెప్పాను. రెండుసార్లు తప్పింది. వదల్లేదు. మూడోసారి 'ళ' కూడా పలికింది. పట్టీ మళ్లీ లోపల పెట్టి, ఆ రోజుకి ఎక్కడ ఖాళీ ఉందో యాప్‌లో వెతుక్కున్నాను.